గీసే చెయ్యి, కట్టే చెయ్యి

మనిషి శ్రమకూ జంతువు పనికీ తేడా చెప్పటానికి మార్క్స్ 1867లో అచ్చయిన 'కాపిటల్' మొదటి సంపుటంలో వాస్తుశిల్పినీ తేనెటీగనూ పక్కపక్కన నిలబెట్టాడు. పని మొదలు కాకముందే దాని ఫలితం మనిషి ఊహలో ఉంటుందనేది అక్కడి సారాంశం. మన విద్యార్థి మిత్రులు ఈ పోలికను తరుచు ఉదహరిస్తారు. కాని ఉదహరించే వాళ్ళలో చాలామంది ఒక సంగతి గమనించరు. మార్క్స్ అక్కడ వాస్తుశిల్పి అనే ఉద్యోగస్థుణ్ణి పొగడటం లేదు. అతని దృష్టిలో ప్రతి శ్రామికుడూ ఆ వాస్తుశిల్పే. కుమ్మరి తలలో కుండ ఉంది, వడ్రంగి తలలో నాగలి ఉంది. చరిత్రలో జరిగిందేమిటంటే, ఆ తలనూ ఆ చేతినీ ఇద్దరు వేరువేరు మనుషులకు పంచిపెట్టారు. ఇల్లు ఒకరి తలలో ఉంటుంది. దాన్ని నిలబెట్టే చెయ్యి ఇంకొకరిది. ఆ చేతికి కూడా ఒక తల ఉన్నదని ఎవరికీ తోచదు. ఆ తలకు పనిచేసే చెయ్యి లేకపోయినా ఎవరూ తప్పు పట్టరు.

ఏ కమ్మరో, వడ్రంగో, తాపీ పట్టిన మనిషో వాస్తుశిల్పి అయితే ఏమవుతుంది? పైకి ఇది కళకు సంబంధించిన ప్రశ్నలాగా కనిపిస్తుంది గాని, నిజానికి నీతికి సంబంధించిన ప్రశ్న. గీత గీసేవాడు ఆ గీతను రాయిగానో ఇనుముగానో మార్చే మనిషికి ఏమి జవాబుదారీ అనేదే ఇందులో తేలవలసిన విషయం. దీనికి మనలో ఒక సులువైన జవాబు చలామణీలో ఉన్నది. చేతిపని తెలిసినవాడు మంచి కట్టడం కడతాడు, పనివాడి కష్టం తెలిసినవాడు గనక పనివాడి పక్షాన నిలబడతాడు అని. ఈ జవాబులో మొదటి సగంలో కొంత నిజం ఉన్నది. రెండో సగాన్ని చరిత్ర ఒప్పుకోదు.

ఫ్లారెన్సు నగరపు పెద్ద చర్చి మీది గుమ్మటాన్ని తీసుకుందాం. దాన్ని కట్టించిన బ్రూనెలెస్కీ (1377-1446) స్వర్ణకారుడుగా పని నేర్చినవాడు. దాదాపు 45 మీటర్ల వెడల్పు గల ఖాళీ మీద, కింది నుంచి కొయ్య చట్రం ఆసరా లేకుండా, 1420 నుంచి 1436 వరకు ఇటుక మీద ఇటుక పేర్చి ఆ గుమ్మటాన్ని లేపాడు. ఎద్దుల్ని వెనక్కి తిప్పకుండానే బరువును పైకి ఎత్తటానికీ కిందికి దించటానికీ వీలైన యంత్రం తయారుచేశాడు. పళ్ళచక్రాల మర్మం తెలిసిన చెయ్యి తప్ప అటువంటిది చెయ్యలేదు. రాళ్ళు ఎలా కొయ్యాలో పనివాళ్ళకు చూపించటానికి బంకమట్టితోనూ, మైనంతోనూ, చివరకు దుంపలతోనూ నమూనాలు చెక్కి ఇచ్చేవాడని అతని జీవితం రాసినవాళ్ళు చెబుతారు. ఇంతవరకు మనకు ముచ్చటగానే ఉంటుంది.

కాని అదే మనిషి గురించి వసారి ఇంకొక కథ రాశాడు. పనివాళ్ళు ఎక్కువ కూలి కోసం పని మానేస్తే, బ్రూనెలెస్కీ లొంబార్డీ వాళ్ళను తెచ్చి పని నేర్పి గుమ్మటం మీదికి ఎక్కించాడట. పస్తులకు తాళలేక ఫ్లారెన్సు వాళ్ళు తిరిగి వస్తే, అంతకు ముందు కంటె తక్కువ కూలికి చేర్చుకున్నాడట. తన పడవ యంత్రాన్ని ఇంకెవరూ వాడకుండా 1421లో నగర ప్రభుత్వం చేత ప్రత్యేక హక్కు రాయించుకున్నాడు. రాతిపనివాళ్ళదీ కొయ్యపనివాళ్ళదీ అయిన సంఘానికి చందా కట్టనందుకు 1434లో కొద్ది రోజులు జైల్లో కూడా ఉన్నాడు. చేతిపని నేర్చినందువల్ల అతనికి పనివాళ్ళ రహస్యాలన్నీ తెలుసు. తెలిసిన ఆ రహస్యాలను వాళ్ళ మీదనే అధికారంగా మార్చుకున్నాడు. వృత్తి నుంచి వచ్చిన వాస్తుశిల్పి వృత్తికారుల మధ్య ఒకడుగా కాక వాళ్ళ పైన ఒకడుగా నిలబడటం అక్కడ మొదలయింది. గుమ్మటం మాత్రం అద్భుతమైనది, అందులో సందేహం లేదు.

నాలుగు శతాబ్దాల తరవాత ఇంగ్లండులో విలియం మారిస్ ఈ చీలికను చూసి బాధపడ్డాడు. మగ్గం మీద కూచున్నాడు, అద్దకం నేర్చాడు, యంత్రం చంపిన ఆనందాన్ని పనిలోకి తిరిగి తేవాలన్నాడు. అతని చుట్టూ చేరిన వాస్తుశిల్పులు ఇటుకనూ కొయ్యనూ గౌరవంగా చూడటం నేర్చుకున్నారు. తీరా చూస్తే ఆ గుడ్డలూ ఆ కుర్చీలూ ధనికుల ఇళ్ళకు తప్ప చేరలేదు. మారిస్ గొప్పతనం ఏమిటంటే ఆ సంగతి ఇతరుల కంటె ముందు అతనే గ్రహించి, 1880 దశాబ్దంలో సోషలిస్టు ఉద్యమంలోకి నడిచాడు. అతని శిష్యులలో చాలామంది మగ్గం దగ్గరే ఆగిపోయారు.

అలా ఆగిపోయే దారి మన కాలంలోనూ ఉన్నది. స్విట్జర్లాండులో పీటర్ జుమ్‌తోర్ 1943లో వడ్రంగి ఇంట్లో పుట్టాడు. తండ్రి పనే నేర్చుకుని, తరవాత వాస్తుశిల్పంలోకి వచ్చాడు. అతని కట్టడాలను ఎగతాళి చెయ్యటం అన్యాయం. వాల్స్ అనే కొండ ఊళ్ళో 1996లో తెరిచిన స్నానశాలకు ఆ ఊరి రాతినే పలకలుగా కోసి, సుమారు 60,000 పలకలు ఒకదానిమీద ఒకటి పేర్చారు. జర్మనీలో ఒక రైతు కుటుంబం కోరితే 2007లో పొలం మధ్య ఒక చిన్న ప్రార్థనా మందిరం కట్టాడు. 112 చెట్ల బోదెలను గుడారంలాగా నిలబెట్టి, వాటి చుట్టూ రోజుకొక వరస చొప్పున 24 రోజులు కాంక్రీటు పోశారు. పోసినవాళ్ళు ఆ రైతూ, అతని స్నేహితులూ. తరవాత లోపలి బోదెలను నెమ్మదిగా కాల్చివేస్తే, కాలిన కొయ్య అచ్చు గోడల మీద నల్లగా నిలిచిపోయింది. కొయ్యను తాకి బతికిన చెయ్యి తప్ప ఇలాంటి ఆలోచన చెయ్యదు.

అయినా ఇందులో ఒక లోపం ఉన్నది. ఈ పద్ధతిలో ఒక్కటొక్కటే కట్టగలం. ప్రతి కట్టడం ఒక నగ. ఇల్లు లేని లక్షలమందికి ఈ శ్రద్ధ ఎలా చేరుతుందనే ప్రశ్న అక్కడ పుట్టనే పుట్టదు. పైగా వాల్స్ స్నానశాల కట్టించినది ఊరి పంచాయతీ. 2012లో ఊరివాళ్ళే ఓటు వేసి దాన్ని ఒక పెట్టుబడిదారుకు అమ్మారు. వాస్తుశిల్పికి అది ఇష్టం లేదు. అతని ఇష్టాన్ని అడగవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది.

ఈ కారణంగానే నాకు వీళ్ళందరికంటె జీన్ ప్రూవే జీవితం ఎక్కువ పాఠాలు చెప్పేదిగా కనిపిస్తుంది. అతను 1901లో పుట్టాడు. పెరిగింది తూర్పు ఫ్రాన్సులోని నాన్సీలో. తండ్రి చిత్రకారుడు, చేతిపనులకు కొత్త ప్రాణం పొయ్యాలని ఆ ఊళ్ళో ఏర్పడిన కళాకారుల బృందంలో ముఖ్యుడు. ఇంజనీరు కావాలని కొడుకు కోరిక. యుద్ధమూ, ఇంట్లో డబ్బు లేకపోవటమూ కలిసి అతన్ని 1916లో ఒక కమ్మరి దగ్గరికి పంపాయి. కొలిమీ, దాగలీ, సుత్తీ, ఇదే అతని విశ్వవిద్యాలయం. 1924లో నాన్సీలో సొంత కార్ఖానా తెరిచాడు. మొదట్లో చేసినవి ఇనుప తలుపులూ, మెట్ల కటకటాలూ.

తక్కిన కమ్మరులు కొలిమి దగ్గర ఉండిపోతే, అతను వెల్డింగు యంత్రమూ రేకు మడిచే యంత్రమూ కొన్నాడు. ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. పల్చటి ఇనుపరేకుకు బలం లేదు, చేత్తో వంచవచ్చు. అదే రేకును మడత పెడితే నిలబడుతుంది. విసనకర్రలాగా మడిచిన కాగితం పలకను మోసినట్టు. ఎక్కడ బరువు ఎక్కువ పడుతుందో అక్కడ మడత వెడల్పుగా, ఎక్కడ తక్కువో అక్కడ సన్నగా పెట్టుకోవచ్చు. 1934 నాటి అతని కుర్చీ చూడండి. కూచున్న మనిషి బరువు వెనక కాళ్ళ మీద ఎక్కువ పడుతుంది. కాబట్టి వెనక కాళ్ళు మడిచిన రేకుతో బోలుగా, లావుగా ఉంటాయి. ముందు కాళ్ళు సన్నని గొట్టాలు. ఆ రూపం అందం కోసం వెతికి తెచ్చింది కాదు, రేకు చెప్పినది. తరవాత అతను కట్టిన ఇళ్ళకూ బళ్ళకూ ఈ కుర్చీయే మూలం. కుర్చీకీ ఇంటికీ కొలతలో తప్ప సూత్రంలో తేడా లేదని అతని నమ్మకం. వాస్తుశిల్ప కళాశాలలో చదివినవాడికి ఇది తోచటం కష్టం. అక్కడ కుర్చీ వేరు, కట్టడం వేరు, గౌరవం వేరు.

ఇంతకంటె ముఖ్యమైనది కార్ఖానాలో పని జరిగిన తీరు. నక్షా గీసే బల్లకూ రేకు మడిచే యంత్రానికీ మధ్య దూరం లేదు. ఆలోచన రాగానే ఒక చిన్న గీత గీసేవారు. పనివాళ్ళు వెంటనే నమూనా చేసేవారు. దాన్ని వంచి, లాగి, విరగ్గొట్టి చూసేవారు. తప్పులు దొరికితే సరిదిద్దేవారు. అసలు నక్షాలు ఆ తరవాత వచ్చేవి. తయారు చెయ్యటం ఎలాగో తెలియనిదాన్ని గియ్యకూడదని అతని నియమం. సాధారణంగా నక్షా అనేది పైనుంచి కిందికి వచ్చే ఆజ్ఞ. ఇక్కడ ఆ నక్షా కింది నుంచి వచ్చే జవాబు కోసం కాచుకుని ఉండవలసి వచ్చింది. పనివాడు "ఇది కాదు, ఇలా చెయ్యాలి" అనగలిగిన చోటు అది. చేతిపని నేపథ్యం వాస్తుశిల్పికి ఇచ్చే అసలు వరం ఇదే అని నా అభిప్రాయం. రాయి మీద ప్రేమా, కొయ్య మీద మమకారమూ ఎవరైనా తెచ్చి పెట్టుకోవచ్చు, కొనుక్కోవచ్చు కూడా. తన గీతకు ఎదురు చెప్పే హక్కు రెండో మనిషికి ఉన్నదని ఎముకల్లో తెలిసి ఉండటం వేరు.

1935-39 మధ్య పారిస్ పక్కనున్న క్లిషీ అనే కార్మికుల పేటలో ప్రజాభవనం కట్టినప్పుడు ఈ పద్ధతి పెద్ద కొలతకు పెరిగింది. అందులో ఇద్దరు వాస్తుశిల్పులూ ఒక ఇంజనీరూ అతనితో కలిసి పనిచేశారు. కింద కూరగాయల బజారు, పైన సభాశాల. పై అంతస్తు నేలను ముక్కలుగా తీసి పక్కన పేర్చవచ్చు, కప్పును జరిపి ఆకాశం చూడవచ్చు. పొద్దున ఉల్లిపాయలు అమ్మిన కప్పు కిందే సాయంత్రం సభ జరుపుకోవచ్చు. రైలు పెట్టెలాగా అమర్చిన ఇనుప భాగాలతో ఇదంతా సాధించారు.

యుద్ధ కాలంలో ప్రూవే ప్రతిఘటనోద్యమంలో ఉన్నాడు. నాన్సీ విముక్తి తరవాత 1944-45లో ఆ ఊరి మేయరు అయ్యాడు. అప్పుడే ఇళ్ళు కూలిన లొరేన్ ప్రాంతపు జనానికి, ఆరు మీటర్లు పొడుగూ ఆరు మీటర్లు వెడల్పూ గల విప్పదీసే ఇళ్ళు తయారుచేశాడు. లారీలో తెచ్చి, నలుగురైదుగురు మనుషులు ఒక్కరోజులో నిలబెట్టగల ఇల్లు. 1947లో నాన్సీ పక్కన మాక్సేవిల్‌లో పెద్ద కర్మాగారం లేచింది. నగలు చేసే కార్ఖానా కాదు అది. మోటారు కార్లు చేసినట్టు ఇళ్ళు చెయ్యాలని, మారిస్‌కు అందని జనానికి అందాలని అతని ఆశ.

ఆ ఆశ ఎంతవరకు నిష్కల్మషమైనదో కూడా చెప్పుకోవాలి. 1949లో నైజరుకు ఒకటి, 1951లో కాంగోకు రెండు, అల్యూమినియం ఇళ్ళను అతను పంపాడు. ఎండ నుంచి కాపు, గాలి ఆడే దారి, అన్నీ చక్కగా ఆలోచించినవే. కాని ఆ ఇళ్ళు ఫ్రెంచి వలసపాలన అవసరాల కోసం చేసినవి. ఆఫ్రికా మేస్త్రీల చేతిలో ఏ విద్య ఉన్నదో అడగకుండా, భాగాలన్నీ ఫ్రాన్సులోనే తయారై వెళ్ళాయి. తన కార్ఖానాలో పనివాడి మాట విన్న మనిషి సముద్రం దాటేసరికి ఆ మాట వినలేదు. చేతిపని నేర్పిన వినయం కార్ఖానా గోడల దాకానే వచ్చింది. దాన్ని దాటించటానికి రాజకీయ చైతన్యం కావాలి. ఆ ఇళ్ళు ఖరీదులోనూ గిట్టుబాటు కాలేదు, అధికారులకు నచ్చనూ లేదు. ఆ మూడింటితోనే ఆ పని ఆగిపోయింది. 2007లో కాంగో ఇళ్ళలో ఒకటి న్యూయార్కు వేలంలో దాదాపు 50 లక్షల డాలర్లు పలికింది.

ఇక అసలు దెబ్బ. కర్మాగారం నడవటానికి పెట్టుబడి కావాలి. అల్యూమినియం కంపెనీ 1949లో వాటా తీసుకుంది, తరవాత అధిక వాటా చేజిక్కించుకుంది. కంపెనీకి కావలసింది అల్యూమినియం అమ్ముడు పోవటం. రోజుకొక నమూనా చేసి విరగ్గొట్టే అలవాటు లెక్కల పుస్తకంలో దండగ కింద కనిపించింది. గీసే గదినీ తయారుచేసే చావడినీ విడదీసే ఏర్పాట్లు వచ్చాయి. 1953లో ప్రూవే వెళ్ళిపోయాడు. యంత్రాలు అక్కడే ఉండిపోయాయి, అతను వాటికి దూరమయ్యాడు. గమనించండి, ఎవరూ అతని కళను నిషేధించలేదు. గీసుకోమనే అన్నారు. పనివాళ్ళ నుంచి వేరుగా కూచుని గీసుకోమన్నారు, అంతే. పెట్టుబడికి వాస్తుశిల్పి మీద కోపం లేదు. తలా చెయ్యీ ఒక కప్పు కింద ఉండటమే దానికి పనికిరాదు.

ఆ తరవాత కూడా అతను ఊరుకోలేదు. 1954 చలికాలంలో పారిస్ వీధుల్లో జనం చలికి చచ్చిపోతుంటే అబ్బే పియేర్ అనే మతాచార్యుడు దేశాన్ని కదిలించాడు. అతని కోసం 1956లో ప్రూవే ఒక ఇల్లు చేసి సేన్ నది ఒడ్డున నిలబెట్టి చూపించాడు. వంటగదీ స్నానాల గదీ కలిసిన ఇనుప దిమ్మె ఇంటి మధ్యన కర్మాగారం నుంచే తయారై వస్తుంది, ఇంటి కప్పును కూడా అదే మోస్తుంది. ఏడు గంటల్లో ఇల్లు లేచింది. జనం వరసలు కట్టి చూశారు. అధికారుల ఆమోదం మాత్రం రాలేదు. వేలల్లో రావలసిన ఇల్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే వచ్చాయి. కర్మాగారం అతని చేతిలో ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించటం అనవసరం. అది చేతిలో లేకపోవటమే చరిత్ర.

చేతిపని నేపథ్యం వాస్తుశిల్పిని నీతిమంతుణ్ణి చెయ్యదు. అది అతని ముందు ఒక ప్రశ్న ఉంచుతుంది. దీన్ని ఎవరు, ఏ చేతులతో, ఏ స్థితిలో చేస్తారు అనే ప్రశ్న. బ్రూనెలెస్కీ ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకుని అధికారం సంపాదించాడు. జుమ్‌తోర్ దానికి ఒక్కొక్క కట్టడంలో గౌరవంగా జవాబు చెప్పాడు. ప్రూవే ఆ ప్రశ్నను సమాజం ముందుకు తెచ్చి, కర్మాగారం ఎవరిది అనే గోడకు ఢీకొన్నాడు.

మన దేశంలో ఆ గోడకు ముందు ఇంకొక గోడ ఉన్నది. కులం అంటే పని విభజన మాత్రమే కాదని, పనిచేసే మనుషుల విభజన అని అంబేద్కర్ 1936లోనే తేల్చాడు. ప్రూవే కమ్మరం పదిహేనేళ్ళ వయసులో నేర్చుకున్నాడు, చిత్రకారుడి కొడుకుగా ఉంటూనే. మన కమ్మరికి అది పుట్టుకతో అంటగట్టినది. వడ్డెరకు రాయీ మట్టీ అంతే. అందుచేత పాశ్చాత్య దేశాల్లో చేతిపనిని మెచ్చుకునే మాటలు మన దగ్గరికి వచ్చేసరికి, ఎవరి కులవృత్తిలో వాళ్ళు ఉండటమే మంచిదనే పాత పాటకు తాళం వేస్తాయి. ఈ ప్రమాదాన్ని మన వాళ్ళు కొందరు గుర్తించటం లేదు. పల్లెటూరి శిల్పి నైపుణ్యాన్ని పొగిడే పెద్దమనిషి తన కొడుకును తాపీ పనికి పంపడు, శిల్పి కొడుకును కళాశాలలో చేర్చుకోడు.

నాగార్జునసాగరానికి 1955లో పునాదిరాయి వేశారు, 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. అంత ఎత్తు ఆనకట్టను రాతి కట్టుబడితో లేపారంటే, ఎన్ని వేల చేతులు రాయిని తిప్పి చూసి, ఏ ముఖం ఎటు పెట్టాలో నిర్ణయించి ఉంటాయి! ఆ నిర్ణయాలు ఏ నక్షాలోనూ ఉండవు. పాలమూరు కూలీలు దేశంలో ఎన్ని ప్రాజెక్టుల దగ్గర ఇలాంటి నిర్ణయాలు చేశారో లెక్క లేదు. శిలాఫలకం మీద చెక్కిన పేర్లు మంత్రులవి. చెక్కినవాడి పేరు ఫలకం మీద ఉండదు.

రెండో వైపు నుంచి నడిచి వచ్చినవాళ్ళు లేకపోలేదు. లారీ బేకర్ (1917-2007) కార్ఖానాలో పెరిగినవాడు కాదు, ఇంగ్లండులో చదువుకున్న వాస్తుశిల్పి. తిరువనంతపురంలో స్థిరపడి, పాత కవర్ల వెనక బొమ్మలు గీస్తూ, పనిచోటునే మేస్త్రీలతో మాట్లాడుతూ కట్టించాడు. ఇటుకలను అంచు మీద నిలబెట్టి మధ్యలో బోలు వదిలే గోడను అతను వాడకంలోకి తెచ్చాడు. ఇటుకా సున్నమూ ఆదా అవుతాయి, ఇల్లు చల్లగా ఉంటుంది. కమ్యూనిస్టు ముఖ్యమంత్రి అచ్యుత మీనన్ ప్రోత్సాహం అతనికి దొరికింది. 1985లో వాళ్ళు కలిసి పెట్టిన సంస్థ మేస్త్రీలకు శిక్షణ ఇస్తూ పేదల ఇళ్ళు కట్టింది. వ్యక్తి మంచితనానికి ప్రభుత్వం తోడు రావటం వల్ల ఇది సాధ్యమయింది. ప్రూవేకి కరువయినది ఇదే.

ప్రూవేకి వాస్తుశిల్పి పట్టా లేదు. అయినా 1957 నుంచి 1970 దాకా పారిస్‌లో పనిచేసుకునేవాళ్ళు వచ్చి చదువుకునే జాతీయ వృత్తివిద్యాలయంలో ఆచార్యుడుగా ఉన్నాడు. నల్లబల్ల మీద సుద్దముక్కతో రేకు మడతలు గీస్తూ పాఠం చెప్పేవాడు. 1971లో పాంపిడూ కేంద్రానికి జరిగిన పోటీలో న్యాయనిర్ణేతల సంఘానికి అధ్యక్షుడు అయ్యాడు. మన దేశంలో 1972 చట్టం ప్రకారం నమోదు కానివాడు ఆర్కిటెక్టు అనే పేరు పెట్టుకోకూడదు. ఆ పట్టా చదవాలంటే గణితంతో ఇంటరో డిప్లొమాయో పాసై ఉండాలి. ఇరవై ఏళ్ళు కమానులు కట్టిన మేస్త్రి దగ్గర ఆ తలుపు దగ్గర చూపటానికి కాగితం లేదు. లోపల ఉన్న విద్యార్థి అయిదేళ్ళు చదివి, ఒక్క గోడ కూడా తన చేత్తో కట్టకుండా బయటికి రావచ్చు. మేస్త్రీలకు సాయంకాలపు తరగతులు, విద్యార్థులకు మేస్త్రీల కింద కనీసం ఒక సంవత్సరం కూలిపని, అదీ కూలి ఇచ్చి, మార్కులు వేసే అధికారం మేస్త్రీకి ఇచ్చి. పాఠ్యప్రణాళిక సంఘాలలో కూచునే మన ఉపాధ్యాయ మిత్రులు ఈ చివరి షరతు దగ్గరే ఎక్కువ అభ్యంతరాలు వింటారు. అక్కడ తగ్గకుండా ఉండాలని వాళ్ళను కోరుతున్నాను.